తుపాకీ వెంటకూ ఎలుకల పనికీ ఒకే టెర్రియర్: ఏది తీసుకోవాలి, ఎలా తయారు చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్‌షైర్‌లో ఒక రైతు తన 180 ఎకరాల మీద వేటాడుకోవడానికి మీకు అనుమతి ఇచ్చాడు. కంచెల వెంట కుందేళ్లు, కోళ్ల షెడ్లలో ఎలుకలు, చలికాలంలో అక్కడక్కడా ఫెజెంట్లు అనే అడవికోళ్ల లాంటి పక్షులు. షాట్‌గన్ సర్టిఫికెట్ ఉంది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పెట్టుకోగలిగేది ఒక్క కుక్కనే. చిన్న వేటకుక్కలైన టెర్రియర్ జాతుల్లో బోర్డరా, జాక్ రస్సెలా, ప్యాటర్‌డేలా?

నేరుగా జవాబు కావాలంటే, పని చేసే తల్లిదండ్రులకు పుట్టిన బోర్డర్ ఆడ కుక్కపిల్ల. అది దొరక్కపోతే బిరుసు వెంట్రుకల జాక్ రస్సెల్ ఆడ కుక్కపిల్ల. అయితే జాతి పేరు ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. బ్రిటన్‌లో పని టెర్రియర్లు రెండు దారుల్లో పెరుగుతున్నాయి. ఒక దారిలోవి నక్క బొరియలోకి దూరి, చీకట్లో ఒంటరిగా ఎదురు నిలిచి మొరగడానికి పెంచినవి. రెండో దారిలోవి ముళ్లడొంకలు వెతకడానికి, ఎలుకలు పట్టడానికి పెంచినవి. ఒకే జాతిలో, ఒకే ఊళ్లో కూడా ఈ రెండు రకాలూ ఉంటాయి. పైకి చూస్తే తేడా తెలియదు. బొరియ కోసం పెంచినది యజమాని మాట వినపడని చోట సొంత నిర్ణయం మీద పని చేయాలి కాబట్టి, తరతరాలుగా ఆ మొండితనాన్నే ఏరి పెట్టుకుంటూ వచ్చారు. మీకు కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మీ చేతిలో గుండు నింపిన తుపాకీ ఉంటుంది, కుక్క 20 గజాల్లో ఉండాలి, ఈల వేస్తే ఆగాలి. ధైర్యం గురించి దిగులు పడకండి, దాదాపు ప్రతి టెర్రియర్‌కీ అది పుట్టుకతోనే ఉంటుంది. వెనక్కి తిరిగి మీ ముఖం చూసే అలవాటు ఉందా అన్నదే వెతకాలి.

మీ పని మొత్తంలో సగానికి మించి తుపాకీ పనే అయితే, ఫెజెంట్లూ పావురాలూ ఎక్కువ పడుతుంటే, టెర్రియర్ వద్దని చెబుతాను. స్పానియల్ జాతులైన స్ప్రింగర్ గానీ కాకర్ గానీ ఆ పని రెండింతలు బాగా చేస్తుంది. టెర్రియర్ రాణించేది డొంక చిక్కగా ఉండి, రోజుకు మూడు నాలుగు కుందేళ్లు, ఒకటో రెండో పక్షులు పడే చోట. మీరు చెప్పిన పొలం అలాంటిదే కాబట్టి ముందుకు వెళ్తున్నాను.

ఈ రెండు పనులూ ఒకదానితో ఒకటి ఎందుకు పోట్లాడతాయో తెలిస్తే మిగతాదంతా సులువవుతుంది. ఎలుక మీద కుక్క ఎవరినీ అడగకూడదు. కదిలిన క్షణంలో మెడ పట్టి, ఒక్క విదిలింపుతో చంపి, వదిలేసి, తర్వాతి దాని మీదికి పోవాలి. గట్టిగా కొరకడం అక్కడ గుణం, ఎందుకంటే మెత్తగా పట్టిన ఎలుక వెనక్కి తిరిగి పెదవిని కొరుకుతుంది. తుపాకీ వెంట వచ్చేసరికి అదే కుక్క కుందేలును లేపి, దాని వెంట పరుగెత్తకుండా ఆగి, పడ్డ పక్షిని పక్కటెముకలు నలగకుండా నోట పట్టి మీ చేతికి ఇవ్వాలి. ముందు ఎలుకలు రుచి చూసిన కుక్కకు తర్వాత మెత్తని నోరు నేర్పడం చాలా కష్టం. ముందు తెచ్చివ్వడం నేర్చుకున్న కుక్కకు తర్వాత ఎలుకలు చూపిస్తే రెండూ నిలబడతాయి. చక్కటి కుక్కపిల్లలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఆరు నెలలకే షెడ్డులో వదిలి, అది చంపుతుంటే మురిసిపోతారు. ఆ మరుసటి ఏడాది ఫెజెంట్ తెమ్మంటే నమిలి తెస్తుంది, లేదా కంచె అవతలే కూర్చుని ఈకలు పీకుతుంది.

ఇక జాతులు. బోర్డర్ ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లోది, కుక్కజాతుల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1920లో గుర్తించింది. మగది సుమారు 6 నుంచి 7 కిలోలు, ఆడది 5 నుంచి 6న్నర కిలోలు అని ప్రమాణం. పని కుక్కలు దీనికి ఒక కిలో అటూ ఇటూ ఉంటాయి. గుర్రం వెంట నడవడానికి పెంచినది కాబట్టి కాళ్లు పొడుగు, రోజంతా తిరగగలదు. చర్మం దళసరిగా, వదులుగా ఉంటుంది. ముల్లు గుచ్చుకున్నా ఎలుక కరిచినా కండ దాకా పోయేది తక్కువ. పైన బిరుసు వెంట్రుక, లోపల మెత్తని నూలు లాంటి పొర ఉండటం వల్ల జనవరి వానలో కూడా వణకదు. తోటి కుక్కలతో, పిల్లలతో సర్దుకుపోయే గుణం మిగతా టెర్రియర్ల కన్నా దీనికి ఎక్కువ. లోపాలూ చెప్పాలి. ఆలస్యంగా ఎదుగుతుంది, చాలావాటికి 18 నెలలు దాటే వరకు పని మీద మనసు కుదరదు. ఆ లోపు విసుగొచ్చి పనికిరాదనుకుని అమ్మేసేవాళ్లు చాలామంది. ప్రదర్శనల కోసం పెంచిన బోర్డర్లు కొన్ని బరువెక్కి, ముక్కు మందగించి ఉంటాయి. ఇంకొకటి, నవంబరులో ఎండిపోయిన బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క రంగూ బోర్డర్ రంగూ ఒకటే. తుపాకీ పనిలో ఇది భద్రతకు సంబంధించిన విషయం. వెడల్పైన నారింజ రంగు ఎలాస్టిక్ కాలర్ వేయండి. లాగితే సాగి తల జారిపోయే రకమే కొనండి, బకిల్ కాలర్ ముళ్లకొమ్మకు తగులుకుంటే కుక్క డొంకలోనే ఉరి పడిపోతుంది.

జాక్ రస్సెల్‌కు పేరు డెవన్ ప్రాంతపు పాదరీ జాన్ రస్సెల్ నుంచి వచ్చింది. ఆయన 1819లో చదువుకునే రోజుల్లో ఒక పాలవాడి దగ్గర కొన్న ట్రంప్ అనే ఆడకుక్కతో ఈ వంశం మొదలైందని చెబుతారు. పార్సన్ రస్సెల్‌ను కెన్నెల్ క్లబ్ 1990లో, పొట్టి కాళ్ల జాక్ రస్సెల్‌ను 2016లో గుర్తించింది. పొలాల్లో దొరికేవాటికి మాత్రం చాలావరకు ఈ కాగితాలేవీ ఉండవు, దాని వల్ల వచ్చే నష్టమూ లేదు. తెల్ల ఒళ్లు కాబట్టి డొంకలో స్పష్టంగా కనిపిస్తుంది, ఇది పెద్ద లాభం. ఎలుకల మీద వేగంలో దీన్ని మించినది లేదు. త్వరగా నేర్చుకుంటుంది, అంతే త్వరగా చెడు అలవాట్లూ పట్టుకుంటుంది. వాసన తగలగానే అరిచే రకాలు ఎక్కువ. కుక్కతో నడుస్తూ లేచినదాన్ని కాల్చే రఫ్ షూటింగ్‌లో అది తప్పేమీ కాదు, కుందేలు ఎటు వస్తుందో మీకు చెబుతుంది. కానీ ఖాళీ డొంక దగ్గర కూడా అరిచేది వద్దు. నున్నటి వెంట్రుకల రకం బ్లాక్‌థార్న్ అనే ముళ్లపొదలో రక్తాలు కారేలా గీరుకుంటుంది. బిరుసు గానీ మధ్యరకం గానీ చూసుకోండి.

ప్యాటర్‌డేల్, ఫెల్ టెర్రియర్లు చాలావరకు మొదటి దారివి. ఎలుకల మీద అద్భుతంగా పని చేస్తాయి. కానీ మీలాగా మొదటిసారి తుపాకీ కుక్కను తయారు చేసుకునేవాళ్ల చేతిలో బొరియల్లోకి దూరిపోతాయి. లేక్‌లండ్ టెర్రియర్‌కూ ఇదే మాట వర్తిస్తుంది, కాకపోతే బోర్డర్, లేక్‌లండ్ సంకరం చాలా మంచి మధ్యేమార్గం. జర్మనీ యాగ్డ్‌టెర్రియర్ నీళ్లలోకి దూకి బాతును తెస్తుంది, రక్తపు జాడ పట్టుకుని పోతుంది, పనిలో అన్నిటికన్నా బహుముఖం అదే. కానీ 9, 10 కిలోల మగది, కుర్చీ కింద పడుకుని ఊరుకునే స్వభావం కాదు. చిన్నపిల్లల ఇంటికి నేను చెప్పను. నార్ఫోక్ టెర్రియర్ మంచి ఎలుకల కుక్క, మగ ఫెజెంట్‌ను మోయడానికి చిన్నది. స్ప్రింగర్‌తో కలిపిన జాక్ రస్సెల్ పిల్లలు కొన్నిసార్లు మీ పనికి సరిగ్గా సరిపోతాయి. ఒకే ఈతలో నాలుగు పిల్లలు నాలుగు రకాలుగా రావడమే అక్కడ చిక్కు.

పరిమాణం విషయంలో చాలామంది పొరబడతారు. నక్క పని చేసేవాళ్లు భుజాల వెనక ఛాతీని రెండు చేతులతో చుట్టి చూస్తారు. బొటనవేళ్లు పైన, మిగతా వేళ్లు కింద కలిస్తే, అంటే చుట్టుకొలత సుమారు 14 అంగుళాలు ఉంటే, బొరియలో పడుతుందని మెచ్చుకుంటారు. మీకు ఆ కొలత పనికిరాదు. 16 అంగుళాల ఛాతీ, భుజం దగ్గర 12 నుంచి 14 అంగుళాల ఎత్తు, 7 కిలోల బరువు ఉన్నది చాలా కుందేలు బొరియల్లో దూరలేదు, ఒకటిన్నర కిలోల మగ ఫెజెంట్‌ను కంచె దాటించి తేగలదు. కుందేలు బొరియలో ఇరుక్కోవడమే ఈ పనిలో టెర్రియర్‌కు అతి పెద్ద ప్రమాదం. ఇసక నేలలో అయితే మట్టి కూలి వెనక దారి మూసుకుపోతుంది.

పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు తల్లి దగ్గరే చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ఆరు నెలల లోపు పిల్లల్ని మధ్యవర్తి షాపులు అమ్మకూడదు, పెంచినవాళ్ల దగ్గరే కొనాలి. 8 వారాల లోపు మైక్రోచిప్ తప్పనిసరి. కానీ పిల్లల కన్నా ముందు తల్లిని పొలంలోకి తీసుకెళ్లమని అడగండి. డొంకలో వదిలి, అది పనిలో మునిగాక ఈల వేయమనండి. రెండో ఈలకు బయటికొస్తే ఆ ఈత చూడదగ్గది. "అది పనిలో ఉంటే రాదండీ, అంత కసి" అని గర్వంగా చెబితే అక్కణ్నుంచి వచ్చేయండి. తర్వాత ఒక చచ్చిన కుందేలును విసిరి తెమ్మనమనండి. చేతికి ఇవ్వకపోయినా, మెత్తగా మోస్తే చాలు.

పిల్లను ఒళ్లో వెల్లకిలా పట్టుకోండి. అర నిమిషం గింజుకుని సర్దుకున్నది కావాలి. అసలు కదలనిది వద్దు, పళ్లు చూపించేది కూడా వద్దు. వీపు మీద వెంట్రుకల్ని వేళ్లతో పాయలు తీసి చూస్తే చర్మం కనిపించకుండా లోపలి పొర అడ్డు రావాలి. కాగితం ఉండ నలిపి నడవాలో దొర్లించండి. వెంటపడి, పట్టుకుని, మీ వైపు ఒక్క అడుగైనా వేసే పిల్లను గుర్తు పెట్టుకోండి. నాలుగు గజాల అవతల తాళాల గుత్తి పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు, పది సెకన్లలో దాన్ని వాసన చూడటానికి రావాలి. తల మొత్తం తెల్లగా ఉన్న పిల్ల అయితే చెవుడు ఉందేమో పశువైద్యుడి చేత బేర్ పరీక్ష చేయించాలి. ఒక చెవి వినపడకపోతే ఇంట్లో మీకు ఎప్పటికీ తెలియదు, పొలంలో మాత్రం ఈల ఎటు నుంచి వచ్చిందో దానికి తెలియదు.

ఆరోగ్య పరీక్షల్లో రాజీ వద్దు. జాక్ రస్సెల్, పార్సన్, లేక్‌లండ్, యాగ్డ్‌టెర్రియర్‌లలో పీఎల్ఎల్ అనే వంశపారంపర్య జబ్బు ఉంది. సాధారణంగా 3 నుంచి 6 ఏళ్ల మధ్య, సరిగ్గా పని పండే వయసులో, కంటి కటకం జారిపోయి కళ్లు పోతాయి. డీఎన్ఏ పరీక్షతో ముందే తెలుస్తుంది. తల్లిదండ్రుల్లో కనీసం ఒకటి పూర్తిగా క్లియర్ అయితే పిల్లలకు జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. రస్సెల్‌లలో నడక తడబడే అటాక్సియాకు కూడా పరీక్ష ఉంది. బోర్డర్‌లలో పిల్లలు వణికిపోయే వంశపారంపర్య నరాల జబ్బు ఎస్ఎల్ఈఎంకు పరీక్ష అడగండి, దానితో పాటు వంశంలో బిగుసుకుపోయే మూర్ఛలాంటి పట్లు ఉన్నాయా అని అడగండి. వీటికి గ్లూటెన్‌తో సంబంధం ఉంది, గోధుమ లేని తిండికి మారిస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి. తోక సంగతికొస్తే, ఇంగ్లండ్‌లో పని టెర్రియర్ పిల్లకు పుట్టిన 5 రోజుల లోపు, రుజువు చూసి, పశువైద్యుడు మాత్రమే కత్తిరించవచ్చు. ఆ సర్టిఫికెట్ తీసుకోండి. స్కాట్లండ్‌లో టెర్రియర్లకు ఆ వెసులుబాటు లేదు. నిండు తోక ఉన్న పిల్ల నచ్చితే తోక కోసం వదులుకోకండి.

శిక్షణలో మొదటి నాలుగు నెలలూ రెండే పాఠాలు: పిలిస్తే రావడం, నోట్లో ఉన్నది ఇవ్వడం. చెప్పు ఎత్తుకొచ్చినా తిట్టకూడదు, మెచ్చుకుని తిండిముక్కతో మార్చుకోవాలి. ఒకసారి తిడితే రెండోసారి మంచం కిందికి తీసుకుపోతుంది, అదే అలవాటు తర్వాత ఫెజెంట్‌తోనూ కంచె కింద చేస్తుంది. పట్టుకుని లాగే ఆటలు అసలొద్దు. ఆక్మే 210½ ఈల ఒకటి కొని, ఒక పొడుగు ఊదుకు ఆగి కూర్చోవడం, మూడు చిన్న ఊదులకు రావడం నేర్పండి. తిండి గిన్నె ముందు ఇది రోజుకు రెండుసార్లు చేస్తే చాలు. బయట 10 మీటర్ల తాడు మీదే ఉండాలి. గొర్రెలు, కోళ్లు, జింకలు చూసినప్పుడు తాడు చేతిలో ఉండటం ముఖ్యం. ఒక్కసారి గొర్రె వెంట పడి గెలిచిన టెర్రియర్‌ను మాన్పించడం చాలా కష్టం.

పాలపళ్లు ఊడి కొత్తవి గట్టిపడేది 7 నెలలకు. అప్పుడు 225 గ్రాముల డమ్మీ, అంటే విసిరి తెప్పించే గుడ్డ మూట, మొదలుపెట్టండి. రోజుకు మూడు విసుర్లు చాలు, నాలుగోదానికి టెర్రియర్‌కు విసుగు పుడుతుంది. తర్వాత డమ్మీకి కుందేలు తోలు చుట్టండి, ఆ తర్వాత చల్లారిన పూర్తి కుందేలు. పావురం దగ్గర చాలా పిల్లలు ఆగిపోతాయి. దాని ఈకలు ముట్టుకుంటే ఊడి నాలుకకు అంటుకుంటాయి, కుక్క ఉమ్మేసి వచ్చేస్తుంది. చల్లారిన పావురాన్ని ఆడవాళ్ల పాత నైలాన్ మేజోడులోకి దూర్చి ముడి వేసి విసరండి. పదిసార్లు అలా తెచ్చాక మేజోడు తీసేసినా తెస్తుంది.

తుపాకీ శబ్దం తిండి వేళ మొదలవ్వాలి. కుక్క తింటుంటే ఇంకొకరు 100 గజాల అవతల స్టార్టర్ పిస్టల్ పేల్చాలి. తల ఎత్తి మళ్లీ తింటే రెండు మూడు వారాల్లో మెల్లగా 30 గజాలకు దగ్గరవ్వండి. తోక ముడిస్తే వెంటనే దూరం పెంచండి. నెత్తి మీద పేల్చి భయం పోగొడతామనేవాళ్ల మాట వినకండి. పేలగానే కూర్చునే అలవాటు ఇప్పుడే పెట్టాలి, తుపాకీ మోతనే ఆగమనే ఈలలా దానికి అర్థమవ్వాలి. పరుగెత్తే కుందేలు మీద మీరు గురి పెట్టినప్పుడు దాని వెనకే కుక్క ఉంటే జరిగేది కోలుకోలేని నష్టం. కుక్క ఎక్కడుందో కంటికి కనిపించనంత సేపు కుందేలు మీద కాల్చకూడదు, దీనికి మినహాయింపు లేదు.

ఏడాది నిండాక, పైవన్నీ కుదిరాక ఎలుకలు. వెళ్లేముందు రైతును రెండు ప్రశ్నలు అడగండి: విషం ఎక్కడ పెట్టారు, ఎప్పుడు పెట్టారు? బ్రోమాడయోలోన్, డైఫెనకూమ్, బ్రోడిఫకూమ్ లాంటివి రక్తం గడ్డకట్టనివ్వవు. విషం తిన్న ఎలుకను కుక్క మింగితే మూడు నుంచి ఏడు రోజుల దాకా ఏమీ కనిపించదు, ఆ తర్వాత చిగుళ్లు పాలిపోతాయి, నీరసిస్తుంది, దగ్గుతుంది. అనుమానం ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. విటమిన్ కె1 వారాల తరబడి ఇవ్వాల్సి వస్తుంది. విషం పెట్టిన షెడ్డులో కుక్కను దించకపోవడమే సరైన పద్ధతి. ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు ప్రతి ఏడాదీ టీకా వేయించాలి, ఎల్4 అంటే నాలుగు రకాలకు రక్షణ. అది మనుషులకూ సోకుతుంది కాబట్టి మీకూ చేతితొడుగులు ఉండాలి.

కోళ్ల షెడ్డు ఖాళీ చేసే రోజు మంచిది. సరుకు పెట్టే చెక్క పాలెట్లను ఒక్కొక్కటే ఎత్తుతూ ఒక వైపు నుంచే రావాలి, రెండు వైపుల నుంచి ఎత్తితే ఎలుకలు మధ్యలోంచి గోడల్లోకి పోతాయి. బయటి బొరియలకు పాత చైన్‌సాతో చేసిన పొగ యంత్రం వాడతారు, పొగగొట్టంలోకి నూనె చుక్కలు పడేలా అమర్చి ఆ పొగను బొరియలోకి పంపుతారు. మన డెల్టాలో యానాదులు కుండలో గడ్డి రాజేసి పొలం గట్టు బొరియలోకి పొగ ఊదే పద్ధతీ, దీని సూత్రమూ ఒకటే. పొగ పెట్టేముందు మిగతా కన్నాలన్నీ చూసి కుక్కను గాలి వచ్చే వైపు నిలబెట్టండి. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి. కర్రలూ పారలూ తిప్పేవాళ్లను దూరంగా ఉంచండి, ఎలుకల పనిలో కుక్కకు తగిలే పెద్ద దెబ్బలు చాలావరకు మనుషుల పారల వల్లే. రేకుల అంచులు, మూత లేని స్లర్రీ (పేడ నీళ్ల) గుంట ముందే చూసుకోండి. ఇంటికొచ్చాక మూతి మీది కాట్లను ఉప్పు నీళ్లతో కడిగి, కాలి వేళ్ల మధ్య, చెవుల్లో, చంకల్లో ముళ్లు వెతకాలి. కీలు దగ్గర బ్లాక్‌థార్న్ మొన విరిగి ఉండిపోతే రెండు రోజుల్లో వాచి కుంటుతుంది, దాన్ని ఇంట్లో పొడిచి తీయొద్దు.

చట్టం గురించి కొంచెం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఫిబ్రవరి 18న అమల్లోకి వచ్చిన హంటింగ్ యాక్ట్ ప్రకారం, భూమి హక్కుదారు అనుమతి ఉంటే కుక్కతో ఎలుకల్నీ కుందేళ్లనూ వేటాడవచ్చు. కానీ మనం చెవులపిల్లి అనే హేర్ ఆ వెసులుబాటులో లేదు. తుపాకీతో కొట్టిన హేర్‌ను తేవడానికి మాత్రమే కుక్కను వదలవచ్చు. కుందేలు బొరియలోంచి వస్తుంది, హేర్ బయలు పొలంలో గుంటలో పడుకుంటుంది, చెవుల చివర నల్లగా ఉంటుంది. ఈ తేడా కుక్కకు తెలియదు, మీరే ఈల వేసి ఆపాలి. అనుమతి కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. కుక్కను నేల కిందికి కావాలని పంపకండి, దానికి ఉన్న మినహాయింపు చాలా ఇరుకైనది, షరతులు వేరు. దానంతట అది దూరితే అరవకుండా, బొరియ మూతి దగ్గర మీ కోటు పరిచి నిశ్శబ్దంగా కాచుకోండి, చాలాసార్లు గంటా రెండు గంటల్లో వచ్చేస్తుంది. అది బ్యాడ్జర్ బొరియ అయితే పార ముట్టుకోవద్దు, 1992 చట్టం ప్రకారం నేరం. ముందు ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ నాచురల్ ఇంగ్లండ్‌ను సంప్రదించాలి. స్కాట్లండ్‌లో 2023 చట్టం ఇంకా కట్టుదిట్టం, అక్కడికి తీసుకెళ్లేముందు విడిగా చదువుకోండి.

ఎప్పుడు కొనాలన్నది మీరు అడగలేదు కానీ చెప్పాలి. మార్చి, ఏప్రిల్‌లలో పుట్టిన పిల్లను తీసుకోండి. ఎండాకాలం పొడుగు సాయంత్రాలు శిక్షణకు దొరుకుతాయి. అక్టోబరు 1న ఫెజెంట్ సీజన్ మొదలయ్యేసరికి దానికి ఆరు నెలలే, కాబట్టి ఈ సీజన్ దానిది కాదు, తాడు మీద మీ పక్కన నడిచి చూస్తుంది. ఫిబ్రవరి 1న సీజన్ ముగిశాక వసంతంలో డొంకల్లో కుందేళ్ల మీద మొదలుపెట్టి, ఎండాకాలం చివర కోతలయ్యాక ఎలుకలు షెడ్లలోకి చేరే వేళకు దానికి ఏడాదిన్నర నిండుతుంది. రైతుతో కూడా ఇప్పుడే ఈ మాట చెప్పి ఉంచండి, ఈ చలికాలం ఎలుకలకు ఇంకెవరినైనా కుక్కలతో పిలుచుకుంటాడు.